రసమట్టం బావ చేసిన వంకర పని

మా బావ కంటికి లోకంలో ఏ వస్తువూ తిన్నగా కనిపించదు. గోడని చూస్తే వాలిందంటాడు, తలుపుని చూస్తే ఒరిగిందంటాడు, మనిషిని చూస్తే "కాస్త ఎడం భుజం పైకెత్తండి" అంటాడు. కంటి జబ్బేమోనని మా అక్క భయపడి డాక్టరు దగ్గరికి పంపింది. కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పి పంపించేశాడు డాక్టరు. బావ మాత్రం ఊరుకుంటేగా! అక్షరాల బోర్డు అరంగుళం ఎడంపక్కకి జారిందని చెప్పి, మేకు పీకించి, మళ్ళీ తన చేత్తో కొట్టి మరీ వచ్చాడు.

మిగతా మగాళ్ళ చొక్కా జేబులో పెన్ను ఉంటుంది. ఆయన జేబులో జానెడు రసమట్టం ఉంటుంది. అదేనండీ, తాపీమేస్త్రీలు గోడ మీద పెట్టి చూసేది, గాజు గొట్టంలో నీళ్ళు, నీళ్ళలో ఒక బుడగ. బుడగ సరిగ్గా గీతల మధ్య నిలబడితే వస్తువు మట్టంగా ఉన్నట్టు. ఆయన బతుకంతా ఆ బుడగలోనే ఉంది. అందుకే వీధి వీధంతా ఆయన్ని రసమట్టం అనే పిలుస్తుంది. అసలు పేరు మా అక్కకైనా గుర్తుందో లేదో, ఓసారి అడగాలి.

నేను ఆయన బామ్మర్దిని. మా రెండు షెడ్లకీ నడుమ ఒకటే గోడ. ఇవతల నేను కార్ల సీట్లు కుడతాను. అవతల ఆయన పాతకాలం స్పోర్ట్స్ కార్ల సస్పెన్షన్ కొలిచి, చక్రాలు సరిచేస్తాడు. బావ బాగుండాలని కోరుకునేది బామ్మర్దేనంటారు పెద్దలు. నేనూ కోరుకున్నాను, ముప్పై ఏళ్ళుగా కోరుకుంటూనే ఉన్నాను. మధ్యమధ్యలో కొన్ని రోజులు కోరుకోలేకపోయానంటే అది నా తప్పు కాదు.

షెడ్డు తెరిచిన కొత్తల్లో పదకొండు రోజులు ఒక్క కారుని లోపలికి రానివ్వలేదు మహానుభావుడు. నేల మట్టంగా లేదట! పొడుగాటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, ఆ కొస నా చేతికిచ్చి, ఈ కొస తను పట్టుకుని, నాలుగు మూలలా నీళ్ళు ఎంతెత్తులో నిలిచాయో చూశాడు.

"ఒరేయ్, నీ మూల గోరంత ఎత్తుగా ఉందిరా."

"నేల కాదు బావా, నా చెయ్యి. పొద్దుట్నించి మెతుకు ముట్టలేదు, వణుకుతోంది."

"అయితే తినేసి రా. వచ్చాక నీ మోచేతి కింద ఇటుక పెడదాం."

అలా అరగదీసి, అరగదీసి ఆ నేలని ఎంత మట్టం చేశాడంటే, దాని మీద గోలీ వదిలితే ఎటు పోవాలో తెలీక అది ఉన్నచోటే నిలబడిపోతుంది. ఇప్పటికీ ఎవరైనా చెప్పులతో లోపలికొస్తే, మడమ అరిగిన చెప్పు ఏ కాలిదో చెప్పి మరీ బయట విప్పిస్తాడు.

ఎదురుగా కంప్యూటర్ పెట్టిన షెడ్డు ఒకటుంది. అక్కడ కారు పదిహేను నిమిషాల్లో లోపలికెళ్ళి బయటికొస్తుంది, చేతికో కాగితం కూడా ఇస్తారు. బావ దగ్గర రెండు రోజులు. కారుకి అటూ ఇటూ స్టాండ్లు నిలబెట్టి, చేపలు పట్టే సన్నదారం బిగించి కట్టి, దారం నుంచి చక్రం ముందు అంచుకెంత, వెనక అంచుకెంత అని ఉక్కు స్కేలుతో కొలుస్తాడు. చక్రాలు తేలిగ్గా తిరిగి సర్దుకోవాలని ఒక్కో చక్రం కింద రెండేసి పలకలు, పలకల మధ్య గ్రీజు. ఎక్కడైనా తేడా ఉంటే చక్రాన్ని పట్టి ఉంచే ఇనప చేతుల వెనక కాగితమంత పల్చటి రేకు బిళ్ళ ఒకటి దూరుస్తాడు, లేదా పీకుతాడు. మళ్ళీ కారుని ఊపుతాడు. మళ్ళీ కొలుస్తాడు. చూసేవాడికి తల ప్రాణం తోకకొస్తుంది.

ఇదంతా ఓ ఎత్తు, బరువు గోల ఒక్కటీ ఓ ఎత్తు.

"ఖాళీ కారు కొలవడం మనిషి లేకుండా చొక్కా కొలత తీసుకున్నట్టురా" అంటాడు బావ. నడిపేవాడు ఎక్కి కూర్చుంటే స్ప్రింగులు కుంగుతాయి, చక్రాలు కొద్దిగా వాలతాయి. కాబట్టి నడిపే మనిషి బరువెంతో అంత బరువు సీట్లో పెట్టాకే కొలతలు తీయాలి. మాట సబబే, కాదనను. కానీ దానికోసం వచ్చినవాళ్ళనల్లా గుమ్మంలోనే నిలబెట్టి "మీ బరువెంత?" అని అడుగుతాడు. ఒకసారి ఒక ప్లీడరు గారు డెబ్భై అన్నారు.

బావ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, "ఇది ఇవాళ్టి బరువాండీ, మీ పెళ్ళినాటి బరువా?" అన్నాడు.

ప్లీడరు గారు కేసు వేయలేదు, అది ఆయన మంచితనం. మూటలు తూచే కాటా ఎక్కించి చూస్తే ఎనభై ఎనిమిది వచ్చింది. ఆయనతో వచ్చిన భార్య అంతసేపు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత బావ ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, మీరు కూడా పక్కన కూర్చుంటారా?" అన్నాడు. నవ్వు టక్కున ఆగిపోయింది.

కారు సొంతదారులు రెండ్రోజులు సీట్లో కూర్చోలేరు కదా, వాళ్ళకి పనులుంటాయి. మరి ఎవరికి ఉండవు? నాకు. నేను ఎనభై రెండు కిలోలు. పాత కార్లు పెట్టుకునే పెద్దమనుషులందరూ ఏం ఖర్మో ఇంచుమించు అంతే ఉంటారు. సూది దారం చేత్తో పట్టుకుని పని చేసుకుంటుంటే గోడ అవతల నుంచి కేక వినిపించేది, "ఒరేయ్, వచ్చి కూర్చోరా!" వెళ్ళి కూర్చుంటే మరి కదలకూడదు. దగ్గితే దారం అదురుతుందంటాడు. టీ ఇస్తే తాగనివ్వడు, కొలత మారుతుందట. కాస్త బరువు తగ్గమని డాక్టరు చెప్పాడని నేనంటే, "ఆ నీలం కారు అయ్యేదాకా ఆగరా, తర్వాత తగ్గుదువుగాని" అన్నాడు. నీలం కారు అయ్యాక పచ్చ కారొచ్చింది. వీధిలో నాకు బస్తా అనే పేరు స్థిరపడింది ఇలాగే.

మంగలి దగ్గర ఇంకో కథ. చెవుల పక్క జుట్టు రెండువైపులా సమంగా లేదని దారానికి గుండు కట్టి వేలాడదీసి చూపించాడు. మంగలి పాతికేళ్ళ అనుభవమున్నవాడు. ప్రశాంతంగా కత్తెర కింద పెట్టి, "సార్, జుట్టు సరిగ్గానే ఉంది. మీ చెవులే ఎగుడుదిగుడు" అన్నాడు. బావ రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అద్దం ముందు కూర్చుని స్కేలుతో చెవులు కొలుచుకున్నాడు. మూడోరోజు స్కేలు గీతలు చూసుకునే కళ్ళజోడు కాడ ఒకటి కిందకి వంచుకుని, హమ్మయ్య అనుకుని పనికొచ్చాడు.

మా అక్క ఈ మనిషితో ఎలా వేగుతోందంటారా? అక్క నాకంటే తెలివైంది. కోపమొస్తే అరవదు, అలగదు. గోడ మీద ఫొటోని వేలితో ఇంత పక్కకి జరిపి, వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అంతే. బావ కంచం ముందు నుంచి లేస్తాడు. సరిచేసి వచ్చి కూర్చుంటాడు. ఈలోగా ఇంకో ఫొటో! కూర చల్లారేదాకా ఆయన లేస్తూ కూర్చుంటూనే ఉంటాడు. చివరికి, "సరేనే, ఇంతకీ నా తప్పేంటో చెప్పు" అని లొంగిపోతాడు.

ఇంట్లో లొంగుతాడు గానీ పనిలో మాత్రం తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పని అయిన ప్రతి కారు బానెట్ కింద ఒక అట్టముక్క అంటిస్తాడు. దాని మీద తన గుండ్రటి అక్షరాల్లో కొలతలన్నీ రాసి, చివర 'తేడా లేదు' అని సంతకం పెడతాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క కారు తేడా వచ్చిందని వెనక్కి రాలేదు. పొరపాటు అనే మాట ఆయన నోట్లోంచి నేనైతే వినలేదు. అక్క కూడా వినలేదనే చెప్పింది.

ఇలాంటి మనిషి దగ్గరికి ఓ బుధవారం పొద్దున్నే లెక్కల టీచరమ్మ తన ఎర్ర కారు వేసుకుని వచ్చింది.

అరవై ఎనిమిదేళ్ళు. ఉద్యోగం చేసి రిటైరైంది. పిడికెడు మనిషి, మాట మాత్రం సుద్దముక్కతో బోర్డు మీద కొట్టినట్టు ఉంటుంది. ఆ కారు రెండే సీట్లది, పైకప్పు లేదు. ఆవిడా, ఆవిడ భర్తా వయసులో ఉండగా ముక్కలు ముక్కలుగా తెచ్చుకుని, నాలుగేళ్ళు కూర్చి నిలబెట్టుకున్న కారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ మాత్రం ప్రతి ఆదివారం ఒక్కతే కొండ దారిన పైదాకా నడుపుకుంటూ వెళ్ళి, ఓ గంట కూర్చుని దిగొస్తుంది. పోయినేడు మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, అతుక్కుంది, నిక్షేపంగా నడుపుకోవచ్చని డాక్టరు కూడా అన్నాడు. కానీ అప్పట్నించీ కారు ఎడంపక్కకి లాగుతోందట.

వెనకే ఇంకో కారులో ఆవిడ కొడుకు దిగాడు. బ్యాంకు మేనేజరు. చెడ్డవాడేం కాదు, తల్లంటే ప్రాణం, ఆ ప్రాణమే వచ్చిన చిక్కు.

"ఎదుటి షెడ్డులో కంప్యూటరు పెట్టి చూపించానండీ. కారులో ఏ తేడా లేదని కాగితమిచ్చారు. నేను స్వయంగా నడిపాను. స్టీరింగు వదిలేసినా తిన్నగా పోతోంది. అమ్మ నడిపితేనే ఎడంపక్కకి పోతోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఈవిడ వ్యవహారం."

"నలభై ఏళ్ళు నడిపినదాన్ని, ఇవాళ ఆడలేకపోయానా?" అంది టీచరమ్మ.

"అదే కొండ దారిలో, అదే లోయ పక్కన, కారు ఎడంపక్కకి పోతుంటే నాకు నిద్రపడుతుందా అమ్మా? నువ్వే చెప్పు!" అని బావ వైపు తిరిగాడు. "శనివారం కారు కొనడానికి ఒకాయన వస్తున్నారు. ఆలోగా అమ్మ చేతిలో ఇది తిన్నగా నడిచిందా, సరే, నేను నోరు మూసుకుంటాను. లేదా, కారు ఇచ్చేస్తాం. అమ్మ కూడా ఒప్పుకుంది."

"ఒప్పుకున్నాను" అంది టీచరమ్మ. అంటున్నప్పుడు ఆవిడ మా వైపు చూడలేదు, కారు వైపు చూసింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ తల్లీకొడుకుల్లో ఎవరిది తప్పంటారు?

బావ ఇదేం పట్టనట్టు, "టీచరు గారూ, మీ బరువెంత?" అన్నాడు.

"నలభై ఏడు. చెప్పులతో." ముప్పై ఏళ్ళలో తడుముకోకుండా నిజం చెప్పిన మొదటి మనిషి. బావ కళ్ళలో గౌరవం నేను చూశాను.

ఆ దెబ్బతో నా ఉద్యోగం ఊడింది. నలభై ఏడు కిలోల సీట్లో ఎనభై రెండు కిలోల బస్తా ఎలా పనికొస్తుంది? ఇసక సంచులు తూచి సీట్లో పెట్టాడు. నాకు దారం కొస పట్టుకునే పని మిగిలింది. బుధవారమంతా కొలిచాడు. గురువారం మధ్యాహ్నం దాకా కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఏ తేడా లేదని ఒక మనిషి అంత దిగులు పడటం నా జన్మలో చూడలేదు.

"కంప్యూటరు సరిగ్గానే చెప్పిందన్నమాట" అన్నాను, ఊరుకోకుండా.

"నోర్ముయ్‌రా."

గురువారం సాయంత్రం టీచరమ్మని పిలిపించి, ఇసక సంచులు తీసేసి, ఆవిడనే సీట్లో కూర్చోబెట్టాడు. పైన దూలానికి దారం కట్టి, కొసన ఇత్తడి గుండు వేలాడదీశాడు. గుండు సరిగ్గా స్టీరింగు నడిమధ్యకి వచ్చి ఆగింది. ఆవిడ ముక్కు మాత్రం దానికి రెండు వేళ్ళ వెడల్పు ఎడంపక్కకి ఉంది.

"టీచరు గారూ, కాస్త తిన్నగా కూర్చుంటారా?"

"తిన్నగానే కూర్చున్నానుగా!"

ఆవిడ నిజంగానే అలా అనుకుంటోంది. వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తి, పిల్లలతో క్లాసు ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుంది. బావ నోరు తెరిచాడు. ఇక తగులుకుంటాడు, అంగుళం కుడికి, అరంగుళం పైకి అని ఆవిడ ప్రాణం తీస్తాడు అనుకుని నేను ఓ అడుగు వెనక్కి వేశాను.

బావ నోరు మూశాడు. గుండుని చేత్తో పట్టుకుని ఆపి, "అవునండీ. మీరు తిన్నగానే ఉన్నారు. నా దారమే కాస్త పక్కకుంది" అన్నాడు.

నాకు మతిపోయింది. వేలాడే గుండు అబద్ధం చెప్పదని, మనుషులు చెప్తారు గానీ అది చెప్పదని నాకు వెయ్యిసార్లు పాఠం చెప్పిన మనిషి! జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూశాను. నన్ను తోసేశాడు. శుక్రవారం షెడ్డు తలుపులు వేసుకుని, నన్నూ రానివ్వకుండా ఒక్కడే పని చేసుకున్నాడు. గోడకి చెవి ఆనించి విన్నాను. రేకు బిళ్ళల టకటక తప్ప ఏం వినపడలేదు.

శనివారం పొద్దున తల్లీ కొడుకులొచ్చారు. వాళ్ళతోపాటే టోపీ పెట్టుకుని కారు కొనే పెద్దమనిషీ వచ్చాడు.

"కారులో తేడా ఉందండీ. సరిచేశాను. నడిపి చూడండమ్మా" అన్నాడు బావ.

టీచరమ్మ ఎక్కింది. మా వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. బాణం! రోడ్డు మధ్య గీత మీంచి వెంట్రుకవాసి పక్కకి జరగలేదు. కొడుకు ఆశ్చర్యపోయి, వెంటనే మొహం విప్పారి, "అమ్మా! నిజంగా కారుదేనా తేడా! అనవసరంగా నిన్ను అన్నాను" అన్నాడు. ఆవిడ దిగి, కారు తలుపు మీద చెయ్యేసి నిమిరింది. నాకైతే ఈల వేయాలనిపించింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ టోపీ ఆయన అంత దూరం నుంచి వచ్చాడు కదా, "ఒక్కసారి నేనూ నడుపుతాను, ఇంత బాగా ఉన్న కారుకి మీరేమడిగినా కాదనను" అన్నాడు. మేనేజరు ఇచ్చిన మాట మరిచి మెత్తబడ్డాడు. ఇప్పుడు బాగుంది సరే, మళ్ళీ ఏడాదికి అమ్మకింకో ఏడాది మీద పడుతుంది, మంచి బేరం ఉన్నప్పుడే ఇచ్చేయడం నయం కదా అని గొణిగాడు. టీచరమ్మ మొహంలో రక్తం లేదు. నడిపి చూస్తానన్న మనిషిని కాదనలేక తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

టోపీ ఆయన దర్జాగా ఎక్కి, దర్జాగా కదిలించి, ఎంత తిన్నగా పోతుందో చూద్దామని స్టీరింగు మీంచి చేతులు వదిలాడు. కారు మెల్లిగా, మర్యాదగా, కుడిపక్కకి బయల్దేరింది. అటు ఎండలో నేను ఆరబెట్టుకున్న సీట్ల స్పాంజి గుట్ట ఉంది. కారు అందులోకి దూరింది. కారుకి గీత పడలేదు. టోపీ మాత్రం నా మూడో స్పాంజి కింద దొరికింది.

దిగి ఆయన వేసిన కేకలకి వీధంతా పోగైంది. ఎదుటి కంప్యూటరు వాళ్ళు పని మానేసి మరీ వచ్చి నిలబడ్డారు. "రసమట్టమట, రసమట్టం! కుక్క తోకని తిన్నగా చేయగలవా నువ్వు? తేడా లేదని సంతకం కూడానూ!" అని బానెట్ ఎత్తి చూపించబోయాడు. అక్కడ అట్టముక్క లేదు. బావ ఈసారి అంటించలేదు. నాకది ఇంకా వింతగా ఉంది.

మేనేజరు తనూ ఎక్కి నడిపి చూశాడు. కారు కుడిపక్కకే పోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా బావని కుక్క తోకంటాడా! "ఏమయ్యా..." అని నేను ముందుకి దూకేంతలో బావ నా కాలి బొటనవేలు తొక్కాడు. గట్టిగానే తొక్కాడు.

"అవునండీ" అన్నాడు టోపీ ఆయనతో. "నా చేతిలో పొరపాటు జరిగింది."

నేను నా బొటనవేలి సంగతే మర్చిపోయాను.

"మరి సరిచేస్తారా?" అన్నాడు మేనేజరు. "రెండ్రోజులు ఆగుతారట ఈయన."

"నా వల్ల కాదండీ."

"నీ వల్లే కాదంటే ఇంకెవరి వల్లవుతుంది, ఈ తుక్కు నాకొద్దు" అని టోపీ దులుపుకుని ఆయన వెళ్ళిపోయాడు. మేనేజరు తల పట్టుకుని, చివరికి నవ్వేశాడు. "అమ్మా, ఇది నీ చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ తిన్నగా నడవదట. ఇంకెవడు కొంటాడు? నువ్వే ఉంచుకో" అన్నాడు. టీచరమ్మ కారెక్కి, మా ముందు నుంచే గీత గీసినట్టు వెళ్ళిపోయింది.

జనం పోయాక బావని గోడకి నిలేసి అడిగాను. "ఏం చేశావ్ బావా?"

"ఏముంది రా. కారు మొదట్నించీ తిన్నగానే ఉంది. ఎముక అతికాక ఆవిడే ఓ పక్కకి వాలి కూర్చుంటోంది. ఒళ్ళు వాలితే చేతులూ వాలతాయి, స్టీరింగూ వాలుతుంది. ఆవిడకది తెలీదు. అందుకని కుడి చక్రాన్ని పైన కొంచెం బయటికి వాల్చాను. దొర్లే నాణెం ఎటు వాలితే అటే తిరుగుతుందా లేదా? ఆవిడ ఎడంపక్కకి లాగేదెంతో, చక్రం కుడిపక్కకి లాగేదీ అంతే. చెల్లుకి చెల్లు."

"ఆ మాట టోపీ వాడి మొహాన చెప్పొచ్చుగా!"

"చెప్తే, అయితే నాకు తగ్గట్టు మార్చెయ్యమంటాడు. రెండు గంటల పని. కారు పోతుంది."

"పోనీ నాకు చెప్పొచ్చుగా! సీటు ఓ పక్క ఎత్తుగా కుట్టేసేవాణ్ణి!"

"కుట్టేవాడివే. ఎందుకు ఎత్తు అని ఆవిడ అడిగితే ఏం చెప్తావు? మీరు వంకరైపోయారండీ అంటావా? ఆవిడ అంత నిటారుగా కూర్చుందిరా, చూశావుగా" అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా ఈయన్ని వేళాకోళం చేసినందుకు నాకు సిగ్గేసింది. ఆ పూట మా బావ మీద నాకెంత ప్రేమ పొంగిందంటే, కాటా ఎక్కమన్నా ఎక్కేసేవాణ్ణి.

అక్కకి చెప్పకుండా ఉండలేకపోయాను. అంతా విని నడుం మీద చేతులేసుకుని లేచింది. "ముప్పై ఏళ్ళుగా నా ఇంట్లో ఒక్క మంచం కాలు వంకరగా ఉండనిచ్చారా? ఒక్క గిన్నె మూత పక్కకుండనిచ్చారా? ఇప్పుడు ఊళ్ళోవాళ్ళకి కారు కారంతా వంకర చేసిపెడతారా!" అని దులిపేసింది. దులుపుతూనే ఆయన కంచంలో రెండోసారి కూర వేసింది. ఆ రోజు ఇంట్లో ఫొటోలేవీ కదల్లేదు.

ఊరు ఊరుకుంటుందా! ఆ నెలంతా బావకి మొహం చెల్లలేదు. ఎదుటి షెడ్డువాళ్ళు "ఏం సార్, ఇవాళ ఎటుపక్కకి?" అని అడిగేవారు. రావలసిన రెండు కార్లు రాలేదు. బావ మాత్రం పెదవి విప్పలేదు, నన్ను విప్పనివ్వలేదు. నా బొటనవేలికి ఇంకో రెండుసార్లు ఆ భాగ్యం కలిగింది.

తర్వాత ఓ ఆదివారం పొద్దున ఎర్ర కారు మా షెడ్డు ముందు ఆగింది. టీచరమ్మ దిగలేదు. సీట్లోంచే వేలితో బావని పిలిచింది. క్లాసులో వెనక బెంచీవాణ్ణి పిలిచినట్టు పిలిచింది. బావ కూడా అలాగే వెళ్ళాడు.

"నలభై ఏళ్ళు లెక్కలు చెప్పానండీ. ఒక కారు నా ఒక్కదాని చేతిలో తిన్నగా పోతూ, మిగతా అందరి చేతిలో కుడిపక్కకి పోతోందంటే, వంకర ఎక్కడుందో ఆ మాత్రం కనుక్కోలేనా? ఇంటికెళ్ళి అద్దం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చూసుకున్నాను."

బావ తల వంచుకున్నాడు.

"నా నడుం వాలిందని చెప్పడానికి మొహమాటపడి వీధిలో మీ పేరు పోగొట్టుకున్నారు. అంత తెలివితక్కువ మనిషిని నేనింతవరకూ చూడలేదు" అంది. మళ్ళీ తనే, "నిజం చెప్పేస్తే మావాడు మళ్ళీ కొనేవాణ్ణి వెతుకుతాడు, కాబట్టి చెప్పను. మీ పేరు పోతే పోయింది. ఎక్కండి, కొండ పైదాకా వెళ్ళొద్దాం" అంది.

"పక్కన బరువు పడితే కొలత మారుతుందండీ..."

"ఎక్కమన్నానా!"

ఎక్కాడు. గంటన్నరకి తిరిగొచ్చారు. ఆవిడ చెయ్యూపి, హారన్ కొట్టి వెళ్ళిపోయింది. బావ మాత్రం దిగినచోటే నిలబడిపోయాడు. జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. మొహం పాలిపోయింది.

"ఏంటి బావా, కారు మళ్ళీ లాగుతోందా?"

"లేదురా. పైకి పోతున్నంతసేపూ, దిగుతున్నంతసేపూ గీత గీసినట్టు పోయింది."

"మరి ఆ మొహమేంటి?"

"ఆవిడ మలుపుల్లో కూడా బ్రేకు మీద కాలు పెట్టదురా!" అని గుండె పట్టుకుని నా స్టూలు మీద కూలబడ్డాడు. "ఆ కొడుకు ఎందుకు అమ్మేద్దామన్నాడో నాకిప్పుడు తెలిసింది."

నేను నవ్వాపుకోలేక, మంచినీళ్ళు తెచ్చిచ్చాను. గటగటా తాగాడు.

"వచ్చే ఆదివారం కూడా రమ్మంది" అన్నాడు.

"వెళ్తావా?"

"వెళ్ళక చస్తానా? ఒక్కతే వెళ్తుందిగా" అని లేచి, పనిముట్ల పెట్టె ముందుకి లాక్కున్నాడు. "శనివారం కారు తెమ్మని కబురు పెట్టరా. ముందు ఆ బ్రేకులు చూడాలి."